నది టైము, ఊరి టైము

గట్టు ఇల్లు, కిష్‌హలోమ్ కరకట్ట
మే 20

పిరొష్కాకి,

నా చేతిరాత బాగుండదు. తప్పులు కూడా చాలా ఉంటాయి. క్షమించి చదువుకో. నాది ఊరి బడి చదువు. ఇంట్లో ఉత్తరాలన్నీ మీ అక్క ఎతెల్కే రాసేది. ఫోను చేద్దామంటే కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమ చెవి నాకు కావలసిన మాట తప్ప అన్నీ వింటుంది. అందుకని రాస్తున్నాను. అంత్యక్రియల తర్వాత మనం మాట్లాడుకోలేదు. అది కూడా తెలిసే రాస్తున్నాను.

విషయం ఇది. వాటర్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మార్చి ఆఖరు నుంచి నేను పంపే నీటి కొలతలన్నీ గంట తేడాగా అందుతున్నాయట. నేను ఏడింటికి గేజి చూస్తున్నాను. కంప్యూటరు మిషను ఎనిమిది అని ముద్ర వేసి పంపుతోంది. సెప్టెంబరు ఆఖరులోగా సరి చెయ్యకపోతే ఈ గేజిని జాబితాలోంచి తీసేస్తారట. దానంతటదే కొలిచే పెట్టె ఒకటి దించుతారట. అప్పుడు కాపలాదారు అక్కర్లేదు. ఇల్లు కూడా ఆఫీసుదే కదా, ఖాళీ చెయ్యాలి.

మా ఇంటి సంగతి నీకు తెలుసు. ఏటా మార్చిలో ఎండాకాలం టైమని ఊరంతా గడియారం గంట ముందుకు తిప్పుకుంటుంది, అక్టోబరులో మళ్ళీ వెనక్కి. నది తిప్పుకోదు. కొలత ఏడాది పొడుగునా చలికాలం టైములోనే ఉండాలని రూలు. అందుకని గేజి గుడిసెలో నా గడియారం నది టైము. వంటింట్లో మీ అక్క గడియారం ఊరి టైము. ఆరేడు నెలల పాటు ఒకే ఇంట్లో గంట తేడాతో బతికేవాళ్ళం. ఎవరు ఏ టైము చెప్పినా రెండోవాళ్ళు అడగాలి. "ఎవరి తొమ్మిది?" అని. "నాది" అనో "నీది" అనో జవాబు. నలభై ఒక్క ఏళ్ళు అడిగాం. పోయిన ఆగస్టు పద్నాలుగున పొద్దున్నే, ఛాతీ పట్టేసినట్టుంది, తొమ్మిదికి ఇంటికి రా, డాక్టరు దగ్గరికి పోదాం అంది. సరే అన్నాను. అడగలేదు. తూము పలకలు మార్చాలి, బూట్లు తొడుక్కుంటున్నాను. నా తొమ్మిదికి వచ్చాను. ఊళ్ళో పదయింది. కుర్చీలో కూర్చుని ఉంది, తలగుడ్డ కట్టుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని. డాక్టరు వచ్చి చూసి, ప్రాణం పోయి అరగంటో గంటో అయి ఉంటుంది, చెప్పలేం అన్నాడు.

ఆఫీసు కాగితంలో గంట తేడా అని చదవగానే ఇదంతా గుర్తొచ్చింది. గుర్తొచ్చి ఏమీ అవలేదు. సూపు వేడి చేసుకుని తిన్నాను.

మిషను పని అంతా మీ అక్కది. నేను గుడిసె ఫోనులో అంకె చెప్పేవాణ్ణి, తను కొట్టి పంపేది. మిషను సంగతులు తనకి నువ్వే నేర్పావు. తను పోయాక రెండు నెలలు ఆఫీసుకి ఫోనులో అంకె అరిచాను. వాళ్ళు విసిగి అక్టోబరులో కొత్త మిషను తెచ్చి పెట్టి, నాకు కొంచెం నేర్పి వెళ్ళారు. పాతది సామాన్ల గదిలో ఊరగాయ సీసాల పక్కన ఉంది. చలికాలమంతా బాగానే నడిచింది. ఇప్పుడే ఇట్లా.

ఏం కొట్టాలో రాయగలవా?

అంబ్రుష్


సెగెద్
మే 27

అంబ్రుష్ గారికి,

ఉత్తరం అందింది.

మీ మిషను పాడవలేదు. ఊరి టైము చూపించమని ఎవరో చెప్పారు, చూపిస్తోంది. చలికాలంలో రెండు టైములూ ఒకటే కనుక తేడా బయటపడలేదు.

కొలత పంపే నల్ల కిటికీ తెరవండి. పంపే ప్రోగ్రాం మొదలుపెట్టక ముందు ఈ లైను కొట్టండి.

export TZ=CET-1

అక్షరాలు పెద్దవి పెద్దవిగా, చిన్నవి చిన్నవిగా. సమానం గుర్తుకి అటూ ఇటూ ఖాళీ వదలకూడదు. ఆ తర్వాత date అని కొట్టి చూడండి. మీ గుడిసె గడియారంతో సరిపోవాలి. సరిపోతే ప్రోగ్రాం మొదలుపెట్టండి.

సెప్టెంబరు దాకా వ్యవధి ఉంది. కంగారు పడనక్కర్లేదు.

పిరొష్క


గట్టు ఇల్లు
జూన్ 4

పిరొష్కాకి,

గారు అని రాశావు. సరే.

నువ్వు చెప్పినట్టే కొట్టాను. ఏమీ మారలేదు. date అంటే ఊరి టైమే చెప్పింది. కొలత కూడా మళ్ళీ ఎనిమిది ముద్రతోనే పోయింది. నాలుగు రోజులు కొట్టాను. ఆఫీసు ఇంజనీరు సాబినా కారులో ఇటు పోతూ ఆగింది. ఆవిడ అరిస్తే నాకు వినబడుతుంది.

"ఏం మామయ్యా, మీ నది ఇంకా గంట ఆలస్యంగానే పారుతోందా?" అంది.

"నది బాగానే ఉంది. మిషనే మాట వినడం లేదు," అన్నాను.

"నాకూ ఈ నల్ల కిటికీలు రావు మామయ్యా. ప్రోగ్రాం రాసిన ఆయన మానేసి పోయాడు. సెప్టెంబరు దాటితే నా చేతిలో ఏమీ లేదు, ముందే చెప్తున్నా."

కాఫీ ఇచ్చాను. తాగి, కప్పు తనే కడిగి పెట్టి పోయింది. ఆ కప్పు మీ అక్కది. ఎక్కడ పెట్టాలో ఆవిడకి తెలియక నా గిన్నెల్లో పెట్టింది. దాన్ని ఇంకా అక్కడే ఉంచాను.

ఒక మాట చెప్పాలి. నువ్వు రాసిన లైనులో మొదటి ముక్క కొట్టలేదు. export అని ఉంది కదా. మిరపకాయల బస్తాల మీద ఆ ముద్ర చూశాను. బయట దేశాలకి పోయే సరుకు మీద వేస్తారు. మన కొలత మన ఆఫీసుకే కదా పోయేది అని వదిలేశాను. అందువల్లనా?

ఇంకొకటి. నది టైము లండన్ దగ్గరి గ్రీనిచ్ టైము కంటే ఒక గంట ముందుందని మీ అక్క అనేది. మరి దానికి తీసివేత గుర్తు ఎందుకు?

అంబ్రుష్


సెగెద్
జూన్ 10

బావా,

మీరూ గారూ ఇక నావల్ల కాదు. మిరపకాయల బస్తా! ఇరవై తొమ్మిదేళ్ళు కంప్యూటర్ సెంటర్లో పనిచేశాను. ఎంతమంది ప్రొఫెసర్లు ఎన్ని రకాలుగా తప్పులు చేశారో చూశాను. ఈ తప్పు మాత్రం ఒక్కడూ చెయ్యలేదు. బస్సులో చదువుకుని పైకే నవ్వాను, పక్కావిడ సీటు మారింది.

సరిగ్గా విను. ఆ నల్ల కిటికీ ఒక ఇల్లు అనుకో. నువ్వు ఏ పని చెప్పినా ఆ ఇంట్లోంచి ఒక మనిషిని పుట్టించి ఆ పని మీద పంపుతుంది. కొలత పంపే ప్రోగ్రాం అట్లాంటి మనిషే. date కూడా అంతే. ఆ మనిషి పుట్టేటప్పుడు ఇంటి గోడ మీద ఏమేం రాసి ఉన్నాయో ఒకసారి చూసుకుంటుంది. ఈ ఇంట్లో ఏ టైము, ఏ భాష, సామాన్లు ఏ గదిలో ఉంటాయి, అట్లాంటివి. అవి దానికి ఎవరూ నోటితో చెప్పరు. చూసుకుని అట్లాగే నడుచుకుంటుంది. గోడ మీది ఆ రాతల్ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అంటారు. TZ అంటే టైము సంగతి రాసే చోటు.

నువ్వు మొదటి ముక్క వదిలేసి కొడితే, ఇల్లు ఆ మాట మనసులో పెట్టుకుంది. గోడ మీద రాయలేదు. పుట్టిన పిల్లలకి ఎట్లా తెలుస్తుంది? export అంటే గోడ మీద రాసెయ్యి, ఇక్కడ పుట్టేవాళ్ళందరూ చూస్తారు అని. నువ్వు నీ నలభై ఒక్క ఏళ్ళూ మనసులో పెట్టుకోవడమే కదా చేశావు, నీకు ఆ ముక్క కొత్తగానే ఉంటుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. పుట్టిన మనిషి ఆ రాతని తన మటుకు మార్చుకోవచ్చు. దానివల్ల ఇంటి గోడ మీద రాత మారదు. మాట ఇంట్లోంచి పిల్లలకి పోతుంది, పిల్లల నుంచి ఇంటికి తిరిగి రాదు.

తీసివేత గుర్తు సంగతి: ఆ లెక్క పెట్టినవాళ్ళు అవతలి ఒడ్డున నిలబడి చూశారు. గ్రీనిచ్ టైము కావాలంటే నీ టైములోంచి ఎంత తీసెయ్యాలో రాశారు. నాకూ మొదట్లో ఒళ్ళు మండింది. తర్వాత అలవాటైంది.

మళ్ళీ కొట్టు. ఈసారి బస్తా ముద్రతో సహా. ఆ కప్పుని దాని చోట పెట్టు.

పిరొష్క


గట్టు ఇల్లు
జూన్ 19

పిరొష్కాకి,

మారింది. date అంటే నా గుడిసె గడియారం ఎంతో అంతే చెప్పింది. కొలత ఏడు ముద్రతో పోయింది. నీళ్ళు 212 సెంటీమీటర్లు.

మర్నాడు పొద్దున మళ్ళీ ఎనిమిది. ముందురోజు కిటికీ మూసేశాను. తెరిస్తే అన్నీ మర్చిపోయి ఉంది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ కుదిరింది. అంటే రోజూ కొట్టాలి.

అప్పుడు ఒకటి తట్టింది. మీ అక్క రోజూ పొద్దున మిషను ముందు కూర్చోగానే ఏదో ఒక ముక్క టకటకా కొట్టేది. ఆ తర్వాతే ఫోనెత్తి, చెప్పు ఎంత అనేది. నేను అది ప్రార్థన లాంటిది అనుకునేవాణ్ణి. ఎప్పుడూ అడగలేదు. ఇదే లైను అయి ఉంటుంది.

పక్క పొలం పాల్ఫి తన మొక్కజొన్న చూసుకోవడానికి వచ్చి, కిటికీ దగ్గర ఆగాడు. నేను ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటున్నాను.

"ఏంటి ముసలోడా, ప్రేమలేఖా?" అన్నాడు.

"టైము సరిచేస్తున్నా."

"నీ టైము సరిచెయ్యడం ఇప్పుడు దేవుడి పని. లే, చెరో గుక్క పాలింకా సారా తాగుదాం."

తాగాం. వాడు నవ్వించాలని చూశాడు. నవ్వాల్సిన చోట తెలిసింది. నవ్వు రాలేదు. ఏడాదిగా ఇంతే. ఎండాకాలం నీటిలో కాళ్ళు పెట్టినా చల్లగా ఉన్నట్టు తెలుస్తుంది, చల్లగా ఉండదు. నీకు ఎట్లా రాయాలో తెలియడం లేదు.

వంటింటి గడియారాన్ని అంత్యక్రియలయిన సాయంత్రమే గంట వెనక్కి తిప్పాను. ఇప్పుడు ఇల్లంతా నది టైమే. ఇక తప్పు జరగడానికి లేదు. డాక్టరు టైముకి, దుకాణం టైముకి వేళ్ళ మీద లెక్క వేసుకుంటాను.

రోజూ కొట్టే పని లేకుండా చెయ్యొచ్చా? నాకు ఒక రోజు బాగోకపోతే పాల్ఫి వచ్చి కొలత పంపాలి. వాడికి ఈ లైను రాదు.

అంబ్రుష్


సెగెద్
జూన్ 26

బావా,

చెయ్యొచ్చు. కిటికీ తెరిచిన ప్రతిసారీ అది మొట్టమొదట చదువుకునే కాగితం ఒకటి ఉంటుంది. పేరు .bashrc. ముందు చుక్క ఉంది, గమనించు. చుక్కతో మొదలయ్యే పేర్లు మామూలుగా జాబితా అడిగితే కనబడవు, దాక్కుని ఉంటాయి. nano .bashrc అని కొడితే తెరుచుకుంటుంది. అట్టడుగుకి పోయి మన లైను రాయి. కంట్రోల్ మీట నొక్కి ఉంచి O, ఎంటర్, మళ్ళీ కంట్రోల్‌తో X. ఆ కిటికీ మూసి కొత్తది తెరువు. అంతే. ఇక నువ్వున్నా లేకపోయినా ఆ కిటికీ నది టైములోనే ఉంటుంది.

కొత్త మిషనులో కొత్తగా రాసుకో. సామాన్ల గదిలో పాతదాని జోలికి పోకు. దాంతో పని లేదు. దుమ్ము పట్టి ఉంటుంది, ప్లగ్గు పెడితే ఏ తీగైనా కాలొచ్చు.

గడియారం విషయం చదివాను. ఏం రాయాలో నాకూ తెలియడం లేదు.

ఇక్కడ నీళ్ళు తగ్గాయి. నువ్వు అక్కడ చూసిన నీళ్ళు నా దగ్గరికి మూడో రోజుకి వస్తాయి. ఈ వారం వంతెన మీద నిలబడి, నీ 212 నీ ఉత్తరం కంటే ముందే ఇక్కడ దాటిపోయిందనుకున్నాను.

పిరొష్క


గట్టు ఇల్లు
జూలై 8

పిరొష్కాకి,

రాశాను. నిలబడింది. తొమ్మిది రోజులుగా నేనేమీ కొట్టకుండానే ఏడు ముద్రతో పోతోంది. సాబినా చీటీ పంపింది, ఆగస్టంతా చూసి జాబితాలో ఉంచుతారట. ఇల్లు నిలిచినట్టే. నీకు రుణపడ్డాను.

పాత మిషను జోలికి పోవద్దన్నావు. పోయాను. మీ అక్క కాగితంలో ఏం రాసుకుందో చూద్దామనిపించింది. తీగ ఏమీ కాలలేదు.

ఆ కాగితం అట్టడుగున రెండు లైన్లు ఉన్నాయి. అక్షరం పొల్లుపోకుండా నీకు రాస్తున్నాను.

# ఆయన టైము
export TZ=CET-1

మొదటి లైను ముందు ఉన్న గుర్తు ఏమిటని సాబినా వాళ్ళ ఆఫీసుకి చీటీ రాసి అడిగాను. అది పెడితే మిషను ఆ లైను చదవదట. మనుషులు చదువుకోవడానికట.

నాకు అర్థం కానిది ఇది. రోజూ చేత్తో కొట్టేది కదా. కాగితంలో ఉంటే రోజూ కొట్టడం ఎందుకు? అప్పుడు, కొత్త మిషను ఇచ్చినప్పుడు ఆఫీసువాళ్ళు నేర్పిన history అనే మాట గుర్తొచ్చింది. అది కొడితే ముందు కొట్టినవన్నీ వరసగా చూపిస్తుంది. కొట్టాను. వచ్చింది. మీ అక్క మిషనులో ప్రతి లైను పక్కన తేదీ, గంట కూడా ఉన్నాయి. నా దాంట్లో ఉండవు. ఆఖరు లైన్లు ఇవి. ఆగస్టు పద్నాలుగు.

7:04 export TZ=CET-1
8:36 nano .bashrc
8:49 date
8:50 exit

మధ్యలో కొలత పంపిన లైను వదిలేశాను. ఆ తర్వాత ఏమీ లేవు.

కాగితంలో ఆ రెండు లైన్లూ అదే రోజు రాసిందన్నమాట. కూర్చుని రాసి, సరిగ్గా ఉందో లేదో date కొట్టి చూసుకుని, కిటికీ తనే మూసి లేచింది.

8:50 ఎవరి 8:50? ఊరిదైతే, తొమ్మిదికి పది నిమిషాల ముందు లేచి, తలగుడ్డ కట్టుకుని, నా కోసం గంటసేపు కుర్చీలో కూర్చుంది. నదిదైతే, నేను తలుపు తీసేదానికి పది నిమిషాల ముందు దాకా మిషను దగ్గరే ఉంది. నాకు తెలిసినట్టు TZ మార్చి ఊరి టైము పెట్టి చూశాను. అదే లైను 9:50 అంది. మళ్ళీ నది టైము పెడితే 8:50 అంది. ఏది అడిగితే అది చెప్తోంది, మొహం మారకుండా. రెండింటిలో ఏది నిజం?

ఏడాదిగా ఈ గంట గురించే ఆలోచిస్తున్నాను. ఇంకేమీ ఆలోచించడం లేదు. నీకు తెలిస్తే రాయి.

అంబ్రుష్


సెగెద్
జూలై 15

బావా,

లోపల మిషను గంటలు దాచుకోదు. ఒకే ఒక పెద్ద అంకె దాచుకుంటుంది, ఒకానొక రోజు నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో. దానికి ఊరూ లేదు, నదీ లేదు. చూపించేటప్పుడే గోడ మీది రాత చూసి గంటగా మారుస్తుంది. nano .bash_history అని తెరువు. ఆఖరి exit పైన ఒక అంకె ఉంటుంది. రాసి పంపు. లెక్క కట్టి చెప్తాను.

పిరొష్క


గట్టు ఇల్లు
జూలై 21

పిరొష్కాకి,

1723621800

రెండుసార్లు సరిచూశాను.

నీ ఉత్తరం పొట్టిగా ఉంది. ఇంతకు ముందు నువ్వు ఏదీ ఇంత పొట్టిగా రాయలేదు, గారు అని రాసినప్పుడు కూడా.

అంబ్రుష్


సెగెద్
జూలై 29

బావా,

ఊరి టైము తొమ్మిది యాభై. కాగితం మీద కట్టి చూశాను. కట్టే పని లేదు, నాకు ముందే తెలుసు. నీ చేత అంకె రాయించింది వారం రోజులు దొరుకుతాయని.

ఆ రోజు అక్క నాకు ఫోను చేసింది. ఊరి టైము తొమ్మిది ఇరవైకి. నేను ప్లమ్ జాం కలుపుతున్నాను. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని మాట్లాడాను.

"రోజూ ఆ లైను కొట్టే పని లేకుండా ఎట్లా పెట్టాలే?" అంది.

"మూడేళ్ళుగా చెప్తుంటే వద్దన్నావు. నా చేత్తో నేను కొడితేనే పొద్దున అయినట్టు అన్నావు. ఇవాళేం పుట్టింది?"

"మీ బావకి రాదు కదా."

"బావకి ఎందుకు రావాలి? నువ్వున్నావుగా. నీ గొంతేంటి అట్లా ఉంది?"

"మెట్లెక్కి వచ్చానులే."

"మీ ఇంట్లో మెట్లెక్కడున్నాయే?"

నవ్వింది. నేనూ నవ్వాను. బావా, మీ ఇంట్లో మెట్లు లేవు. గడప ఒక్కటే ఉంది. అది నాకు తెలుసు. తెలిసి నవ్వి ఊరుకున్నాను. జాం అడుగంటుతోంది.

"బావ ఏడీ?" అన్నాను.

"తూము దగ్గర. తొమ్మిదికి వస్తాడు, డాక్టరు దగ్గరికి పోతాం."

"తొమ్మిది దాటి ఇరవై నిమిషాలయింది."

"నాది దాటింది. ఆయనది దాటలేదు. పొద్దున అడగలేదు. అడగకపోతే ఆయన తొమ్మిదే."

"గుడిసెకి ఫోను చెయ్యి, వచ్చేస్తాడు."

"పలకలు తీసేసి ఉన్నాయే. పైన వానలు పడి నది ఉబ్బి ఉంది. మధ్యలో వదిలేసి వస్తే పాల్ఫి మొక్కజొన్నంతా మునుగుతుంది. రానీలే, డాక్టరు పదకొండు దాకా ఉంటాడు. నువ్వు ఆ లైను చెప్పు."

చెప్పాను. ఒక్కొక్క అక్షరం. పైన ఇంకో లైను నా మాటలో రాసుకోవచ్చా అని అడిగింది. ఆ గుర్తు పెట్టి ఏదైనా రాసుకో అన్నాను. ఏం రాసిందో నీ ఉత్తరంలోనే చూశాను. ప్రతి లైను పక్కన గంట పడేటట్టు రెండేళ్ళ కిందట పెట్టించింది కూడా నేనే. అదీ గోడ మీది రాతే. ఎక్కడ తప్పు కొట్టావో నాకు తెలియాలి అని పెట్టించాను. పాత మిషను ముట్టుకోవద్దన్నది అందుకే.

తొమ్మిది యాభైకి "సరిగ్గా చూపిస్తోందే, మూసేస్తున్నా" అంది. ఫోను పెట్టేశాను. అంబులెన్సుకి చెప్పమని అనలేదు. నేనూ చెయ్యలేదు. ముప్పై నిమిషాలు ఆమె ఊపిరి విన్నాను.

అంత్యక్రియల్లో అందరి ముందూ నిన్ను అడిగాను, ఎందుకు ఆలస్యమైంది బావా అని. నువ్వు గడియారం అన్నావు. జవాబు తెలిసే అడిగాను. నీ మీద పడితే నా మీద పడదని. నువ్వు తలొంచుకున్నావు. అది చూసి నేను రైలెక్కాను.

నువ్వు నీ తొమ్మిదికి వస్తావని ఆమెకి తెలుసు. నువ్వు ఎక్కడికి పోయావో అని ఎదురుచూస్తూ కూర్చోలేదు. ఏడాది కింద ఒక్క ఉత్తరంలో చెప్పాల్సిన మాట ఇది.

ఆ రోజు జాం ఏడు సీసాలయింది. ఒక్కటీ తెరవలేదు. పారెయ్యలేదు.

నువ్వు ఇక రాయకపోయినా అర్థం చేసుకుంటాను.

పిరొష్క


గట్టు ఇల్లు
ఆగస్టు 4

పిరొష్కాకి,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. చదివాను. మడిచి డబ్బాలో పెట్టాను. గేజి చూశాను, నీళ్ళు 187, మిషను ఏడు ముద్రతో పంపింది. కోపం వస్తుందేమో అని చూశాను. రాలేదు. ఏడుపు వస్తుందేమో అని చూశాను. అదీ రాలేదు. బంగాళాదుంపలు ఒలిచాను.

శనివారం మళ్ళీ చదివాను. మెట్ల దగ్గర ఆగిపోయాను. లేచి గడప దాకా వెళ్ళి చూసి వచ్చాను. ఎందుకో తెలియదు. అది ఎంత ఎత్తుంటుందో నాకు తెలుసు.

నిన్న ఆదివారం పాల్ఫి వచ్చాడు. వాడికి చెప్పాను. నీ మొక్కజొన్న కోసం నన్ను పిలవలేదట అన్నాను. వాడు కూర్చున్నాడు. తర్వాత, "ఏ తూముకి ఏ పొలం మునుగుతుందో ఆవిడకి నీకంటే బాగా తెలుసురా," అన్నాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. పోయేటప్పుడు టోపీ మర్చిపోయాడు.

నువ్వు రాసినదాంట్లో నేను ఉంచుకున్న మాట ఒకటే. అడగకపోతే ఆయన తొమ్మిదే. నేను అడగనందుకు తను చెయ్యాల్సిన లెక్క తనే చేసుకుంది. నేను గంట ముందు వచ్చి ఉంటే ఆ గంట నాకు ఉండేది. అది మారదు, ఏ టైము పెట్టి చూసినా. కానీ తను నా కోసం ఎదురుచూస్తూ ఏమైపోయాడో అనుకోలేదు. అది కూడా మారదు.

అంబులెన్సు సంగతి. నువ్వు ఆమె ఊపిరి అరగంట విన్నావు. నేను పొద్దున ఆమె చెప్పిన మాటే విన్నాను, బూట్లు తొడుక్కుంటూ. ఎవరిది ఎక్కువో నాకు లెక్క రాదు. నువ్వూ కట్టకు.

మధ్యాహ్నం వంటింటి గడియారం గోడ మీంచి దించాను. వెనక దుమ్ము గుండ్రంగా ఉంది. తుడిచి, ముళ్ళు గంట ముందుకు తిప్పి మళ్ళీ తగిలించాను. ఇప్పుడు ఇంట్లో మళ్ళీ రెండు టైములు ఉన్నాయి. సాయంత్రం కాఫీ ఎవరి ఐదింటికి తాగాలో తెలియక కాసేపు నిలబడ్డాను. ఆవిడ ఐదింటికే తాగాను. కప్పు దాని చోటికి చేరింది.

పాత మిషనుని సామాన్ల గదిలోంచి తెచ్చి తుడిచి పెట్టాను. కొత్తదాంట్లో నా లైను పైన ఆ మొదటి లైను కూడా రాశాను, గుర్తు పెట్టి. ఆయన టైము అని ఆవిడ రాసినట్టే రాశాను. నా చేత్తో రాస్తే వింతగా ఉంది. అయినా మార్చలేదు.

ఈ నెల పద్నాలుగున ఏడాది అవుతుంది. సమాధి దగ్గరికి పోతాను. నువ్వు రా. ఆ జాం ఒక సీసా తీసుకురా, తెరుద్దాం. పాడైతే పాడైంది. రైలు దిగాక ఊళ్ళోకి బస్సులోనే రావాలి. స్టాపు దగ్గర నేను నిలబడి ఉంటాను.

ఏ గంటకి దిగుతావో త్వరగా రాయి. పద్నాలుగు దగ్గరికొచ్చింది, నీ జవాబు పదమూడో తేదీలోపు నాకు అందాలి. తొమ్మిది అని రాస్తే, ఎవరి తొమ్మిదో కూడా రాయి. ఈసారి అడుగుతున్నాను.

అంబ్రుష్